ఆదివారం మందిరంలో అమ్మగారు.. సోమవారం ఊళ్లో నర్సమ్మ

పల్లె పాస్టరు భార్య, ఆరోగ్య కార్యకర్త.. రెండు బాధ్యతల వెనుక రెండు శతాబ్దాల చరిత్ర

రోలుగుంట: ఉత్తరాంధ్ర పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలు పాస్టరును ‘అయ్యగారు’ అని, ఆయన సతీమణిని ‘అమ్మగారు’ అని సంబోధించడం ఆనవాయితీ. ఆ అమ్మగారే నర్సు కూడా అయినచోట ఊరందరికీ ఆమె ‘నర్సమ్మ’. మందిరానికి వచ్చే నాలుగు కుటుంబాలకే కాదు, గుడికి వెళ్లేవారికీ, దర్గాకు మొక్కేవారికీ, ఏ ప్రార్థనా ఎరుగని కొండ గూడేల వారికీ ఆమె కావలసిన మనిషే. జ్వరమొచ్చినా, పురిటి నొప్పులు మొదలైనా ముందుగా తట్టేది ఆమె తలుపే. ఇలాంటి దంపతులు ఈ ప్రాంత గ్రామాలకు కొత్త కాదు. భర్త వాక్యం చెబుతారు, భార్య సూది వేస్తుంది. చూసేవారికి ఇది యాదృచ్ఛికంగా కనిపించవచ్చు. కానీ పాస్టరు ఇంటికీ, నర్సు వృత్తికీ మధ్య ఉన్న బంధం చాలా పాతది. అది ఎక్కడ పుట్టింది, ఇక్కడికి ఎలా చేరింది, నేటికీ ఒక తల్లి ప్రాణాన్ని ఏ విధంగా కాపాడుతోంది అన్నది తెలుసుకోదగిన విషయం.

ఒకే ఇంట రెండు కొలువులు

గ్రామీణ నర్సు దినచర్య తేలికైనది కాదు. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. దాని భారం ప్రధానంగా ఏఎన్‌ఎం మీదే ఉంటుంది. గర్భిణుల పేర్లు నమోదు చేయాలి. రక్తపోటు, రక్తహీనత చూడాలి. ఇనుము మాత్రలు ఇచ్చి, అవి మింగుతున్నారో లేదో ఆరా తీయాలి. టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి కాబట్టి ఐస్ ప్యాకులు సర్దిన పెట్టెను భుజాన వేసుకుని ఎండలో తిరగాలి. సాయంత్రానికి రిజిస్టర్లు పూర్తి చేయాలి. 

పాస్టరు భార్యకు ఉండే పని వేరు. ఆదివారం తెల్లవారకముందే మందిరం ఊడ్చి చాపలు పరచడం, పిల్లలకు సండే స్కూలు, స్త్రీల సమాజం కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థనలు, ప్రభువు బల్లకు రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేయడం, దూరం నుంచి వచ్చిన విశ్వాసులకు భోజనం పెట్టడం ఆమె వంతు. సంఘంలో భార్యాభర్తల తగాదా వచ్చినా, ఆడపిల్లకు సంబంధం కుదరకపోయినా ఆ కష్టం ఆమె చెవినే పడుతుంది. ఈ పనికి నియామక పత్రం లేదు, జీతం లేదు, సెలవు లేదు. నర్సుగా చేసే పనికి ఉద్యోగం అనే పేరుంది. అమ్మగారిగా చేసే పనిని మాత్రం అందరూ ఆమె ధర్మంగానే భావిస్తారు. రెండూ ఒకే మనిషి మీద పడినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి రాజేసే వేళ కూడా గడియారం చూసుకోవలసిందే.

జర్మనీ పట్టణంలో తొలి అడుగు

ఆధునిక నర్సింగ్ అనగానే ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే గుర్తుకు వస్తుంది. ఆమె 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాలను నెలకొల్పారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1851లో, ఆమె స్వయంగా శిక్షణకు వెళ్లిన చోటు మరొకటి ఉంది. అది జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న కైజర్స్‌వెర్త్ అనే చిన్న పట్టణం. అక్కడ థియోడర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు, ఆయన భార్య ఫ్రీడరిక్ కలిసి 1836లో ఒక ఆసుపత్రిని, రోగుల సేవకు స్త్రీలను తీర్చిదిద్దే సంస్థను ప్రారంభించారు. వాటిలో శిక్షణ పొందిన స్త్రీలను ‘డీకనెస్’ అని వ్యవహరించేవారు. సంఘ పరిచారిక అని దానికి అర్థం.

సంస్థ పేరు చెప్పగానే పాస్టరు పేరు వినిపిస్తుంది గానీ, వార్డులు నడిపినదీ, యువతులకు పని నేర్పినదీ ఫ్రీడరిక్. ఒకవైపు వరుస కాన్పులు, మరోవైపు సంస్థ భారం మోస్తూ ఆమె 1842లో 42 ఏళ్లకే కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది ఫ్లీడ్నర్ వివాహమాడిన కరోలినా బెర్తో అప్పటికే హాంబర్గ్ ఆసుపత్రిలో రోగుల సేవలో అనుభవం గడించినవారు. అంటే నర్సుగా పనిచేసి పాస్టరు భార్య అయిన మహిళ ఒకరు ఆధునిక నర్సింగ్ పుట్టుకలోనే ఉన్నారన్నమాట. భర్త మరణానంతరం కూడా కరోలినా సంస్థను నడిపించారు. రోగికి పక్క వేయడం, పుండు కడగడం, మందు కొలిచి ఇవ్వడం నేర్చుకుని చేయవలసిన పనులని, గౌరవప్రదమైన స్త్రీలు చేయదగిన పనులని ఐరోపా సమాజాన్ని ఒప్పించడంలో ఈ దంపతుల పాత్ర పెద్దది. ఆ ఆలోచన తరువాతి దశాబ్దాల్లో మిషనరీ సంఘాల ద్వారా మన దేశానికి చేరింది.

విశాఖ తీరానికి 1805లో

తెలుగు నేలపై ప్రొటెస్టెంట్ మిషన్ల చరిత్ర విశాఖపట్నంతోనే మొదలవుతుంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఇక్కడ అడుగుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుని సాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. కొత్త నిబంధన తెలుగులో 1818లో వెలువడింది. తరువాత 1874లో కాకినాడ కేంద్రంగా కెనడా బాప్తిస్టు మిషన్ తన పని ప్రారంభించి ఉత్తర సర్కారు జిల్లాలంతటా విస్తరించింది. విశాఖ ప్రాంతంలో లండన్ మిషన్ పనిని కూడా అనంతర కాలంలో ఆ మిషనే స్వీకరించింది. నేడు ఈ ప్రాంతంలోని పలు బాప్తిస్టు సంఘాలు ఆ వృక్షం కొమ్మలే.

మిషనరీలకు తొలినాళ్లలో ఎదురైన ఒక అడ్డంకి వైద్య సేవకు దారి చూపింది. ఘోషా పాటించే ఇళ్లలోకి పరపురుషునికి ప్రవేశం లేదు. పురుష వైద్యునికి చెయ్యి చూపించడానికి సైతం స్త్రీలు నిరాకరించేవారు. కాన్పు కష్టమై తల్లి ప్రాణం పోతున్నా డాక్టరును పిలవని ఇళ్లుండేవి. స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలన్న అవసరం అలా ఏర్పడింది. లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ స్త్రీలు, పిల్లల ఆసుపత్రి వెలసింది. నేటికీ జనం దానిని కుగ్లర్ ఆసుపత్రిగానే పిలుస్తారు.

మిషనరీ భార్యలే వైద్యులైన సందర్భాలూ ఉన్నాయి. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఆకివీడులో ఆసుపత్రి పనికి పునాది వేసిన డాక్టర్ పెర్ల్ చ్యూట్, కెనడా బాప్తిస్టు మిషనరీ జెస్సీ చ్యూట్ సతీమణి. నిజామాబాద్ సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి ప్రారంభమవడానికి మూలమైన డాక్టర్ ఇసబెల్ కెర్, మెథడిస్టు మిషనరీ జార్జి కెర్ భార్య. ఆనాడు కుష్ఠు సోకినవారిని ఊరి పొలిమేర దాటించేవారు. అలాంటివారి పుండ్లకు కట్టు కట్టిన చేతులు ఒక పాస్టరు భార్యవి. ఆమె సేవలకు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది.

మన ఆడపిల్లలు తెల్ల దుస్తులు ధరించిన వేళ

విదేశీ వైద్యురాలు ఒక్కరు ఆసుపత్రి నడపలేరు. ఆమె చెంత పనిచేసే నర్సులు కావాలి, వారు తెలుగువారై ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. రక్తం, చీము, పురిటి మైల ముట్టుకునే పనిని అప్పటి సమాజం హీనంగా చూసేది. కాన్పులు చేసే మంత్రసానిని అవసరానికి పిలిచి, పని అయ్యాక దూరంగా కూర్చోబెట్టేవారు. పెళ్లికాని పిల్లను పొరుగూరి ఆసుపత్రిలో ఉంచడం, రాత్రి విధులకు పంపడం, పరాయి పురుషుని ఒంటిని తాకనివ్వడం అగ్రవర్ణ కుటుంబాలకు ఊహకందని విషయం.

ఆ ఖాళీని పూరించినవారు మిషన్ బడుల్లో, బోర్డింగుల్లో చదివిన క్రైస్తవ బాలికలు. వారిలో అధికులు దళిత కుటుంబాల బిడ్డలు, తల్లిదండ్రులు లేనివారు, చిన్ననాటనే భర్తను కోల్పోయినవారు. ఊరి బావి తాకనివ్వని పిల్ల ఆసుపత్రిలో అన్ని కులాల రోగుల ఒళ్లూ తుడిచింది, అన్ని ఇళ్ల శిశువులకూ బొడ్డు కోసింది. అంటరానితనం మీద ఏ ఉపన్యాసం సాధించలేనంత మార్పును ఈ నిత్యకృత్యం సాధించింది. నొప్పులతో విలవిలలాడే తల్లి, తనను పట్టుకున్న చెయ్యి ఎవరిదని అడగదు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలోని శిక్షిత నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే కావడానికి కారణం ఇదే. నర్సు అంటే క్రైస్తవురాలేనన్న అభిప్రాయం పల్లెల్లో ఏర్పడడానికి మూలం కూడా ఇదే. నేడు ఆ పరిస్థితి లేదు. అన్ని కులాల, అన్ని మతాల యువతులూ, యువకులూ ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నారు.

మిషన్ ఆసుపత్రులపై విమర్శలు లేకపోలేదు. వార్డుల్లో ప్రార్థనలు, వాక్య బోధ జరిగేవి. వైద్యం ముసుగులో మత ప్రచారం సాగుతోందన్న అభ్యంతరం ఆనాడే వ్యక్తమైంది. అయితే ఆ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సులు తరువాతి కాలంలో ప్రభుత్వ ఆసుపత్రుల వార్డులనూ నిలబెట్టారన్నది కాదనలేని వాస్తవం.

భార్యకూ చదువు చెప్పిన దోర్నకల్

పాస్టరు భార్యకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలన్న ఆలోచనకు తెలుగునాట దోర్నకల్ మంచి ఉదాహరణ. వి.ఎస్.అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించే వరకు ఆయన దోర్నకల్ కేంద్రంగానే సేవ చేశారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్, ఆ రోజుల్లో కళాశాల విద్య అభ్యసించిన అరుదైన దక్షిణ భారత క్రైస్తవ మహిళల్లో ఒకరు. అక్కడ ఉపదేశులుగా, గురువులుగా శిక్షణ పొందడానికి వచ్చేవారు భార్యాబిడ్డలతో సహా వచ్చేవారు. భర్తలు వేదాంతం నేర్చుకుంటుండగా, భార్యలు చదవడం, రాయడం, ఇంటి శుభ్రత, పిల్లల పెంపకం నేర్చుకునేవారు. 

దీని వెనుక ఒక స్పష్టమైన అవగాహన ఉంది. పల్లెలో గురువు ఇల్లే ఊరికి నమూనా. ఆ ఇంట్లో నీళ్లకుండకు మూత ఉంటే పది ఇళ్లలో మూత పడుతుంది. ఆ ఇంటి బిడ్డకు టీకా వేయిస్తే పది మంది బిడ్డలకు భయం పోతుంది. నేటి ఆరోగ్య శాఖ అవగాహన కార్యక్రమాల పేరిట చేస్తున్న పనికి ఇదొక తొలి రూపం.

విశాఖ బిడ్డ హిల్డా లాజరస్

ఈ చరిత్రలో మన జిల్లాకు గర్వకారణమైన పేరు డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఆమె 1890లో విశాఖపట్నంలో జన్మించారు. తండ్రి డేనియల్ లాజరస్ విద్యావేత్త. మద్రాసులో వైద్య విద్య పూర్తి చేసిన హిల్డా, ప్రసూతి వైద్యంలో బంగారు పతకం అందుకున్నారు. బ్రిటిష్ పాలనలోని మహిళా వైద్య సర్వీసులో నియమితులైన తొలి భారతీయ మహిళ ఆమే. స్వాతంత్ర్యానంతరం వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సారథ్యం వహించిన తొలి భారతీయురాలూ ఆమే. 1961లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 1978లో కన్నుమూశారు. 

ఆమె నర్సు కాదు, పాస్టరు భార్య కాదు. వివాహం చేసుకోకుండా జీవితమంతా వైద్యానికే అంకితమైన భక్తురాలు. అయినా నర్సుల కథలో ఆమెకు చోటుంది. దేశంలోని పలు ఆసుపత్రుల్లో నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇప్పించడానికి ఆమె పాటుపడ్డారు. ఆమె సారథ్యం వహించిన వెల్లూరులోనే ఐడా స్కడర్ 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించారు. 1946లో అది నర్సింగ్‌లో డిగ్రీ ఇచ్చే దేశంలోని తొలి కళాశాలల్లో ఒకటిగా ఎదిగింది. మరుసటి ఏడాది, 1947లో, భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అప్పటి నుంచి నర్సు చదువుకు దేశమంతటా ఒకే ప్రమాణం ఏర్పడింది.

కొండ మీద పురిటి నొప్పులు.. మూడు జాప్యాలు

గతమెంత ఘనమైనా, దాని విలువ తేలేది ఇప్పటి అవసరంలోనే. రోలుగుంట మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చోడవరం శాసనసభ నియోజకవర్గంలోని నాలుగు మండలాల్లో ఇదొకటి. ఒకవైపు చెరకు, వరి పండే మైదానం, మరోవైపు తూర్పు కనుమల అంచు. అర్ల పంచాయతీ పరిధిలోని కొండ శిఖర గూడేల నుంచి గర్భిణులను డోలీలో మోసుకురావలసిన దుస్థితి ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు వార్తలకెక్కింది. ఇక్కడివారు గిరిజనులే అయినా, గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతం వెలుపల ఉండడంతో ఏజెన్సీకి వర్తించే రక్షణలు, పథకాలు పూర్తిగా అందవు.

ప్రసూతి మరణాలకు మూడు జాప్యాలు కారణమని ప్రజారోగ్య నిపుణులు వివరిస్తారు. మొదటిది, ఆసుపత్రికి వెళ్లాలన్న నిర్ణయంలో జాప్యం. రెండోది, దారిలో జాప్యం. మూడోది, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో జాప్యం. రెండోదానికి రోడ్డు, వాహనం కావాలి. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన 108 సేవలు ఈ విషయంలో ఎందరినో ఆదుకున్నాయి. అయితే రోడ్డు ఎక్కడ ఆగితే వాహనమూ అక్కడే ఆగుతుంది. మూడోదానికి వైద్యులు, రక్తనిధి, పరికరాలు కావాలి. అందుకే క్లిష్టమైన కేసులు నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రికి, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కు వెళుతుంటాయి.

మొదటి జాప్యాన్ని తగ్గించేది మాత్రం మనిషే. కాన్పు అనంతరం రక్తస్రావం ఆగకపోతే గంటల వ్యవధిలోనే తల్లి ప్రాణం పోతుంది. కాళ్ల వాపు, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం గుర్రపువాతానికి ముందస్తు సూచనలు. అత్తగారు ‘మా కాలంలో ఇంట్లోనే కనలేదా’ అంటుంటే, భర్త ఖర్చుకు వెనకాడుతుంటే, ‘ఇక్కడ ఆగవద్దు, ఇప్పుడే బయలుదేరండి’ అని చెప్పి ఒప్పించగల మనిషి కావాలి. పది మందిలో ఆ మాట చెల్లాలంటే ఆ మనిషి మీద ఊరికి అంతకుముందే నమ్మకం ఉండాలి. చావు ఇంట్లో కూర్చున్నప్పుడు, జ్వరం బిడ్డ పక్కన రాత్రి మేలుకున్నప్పుడు, పండుగ నాడు పలకరించినప్పుడు ఆ నమ్మకం కొద్దికొద్దిగా పోగవుతుంది. పాస్టరు భార్యగా ఆమె చేసే పనంతా ఇలాంటిదే. నర్సుగా ఆమెకు అక్కరకొచ్చేది ఆ నమ్మకమే.

ప్రార్థన ముందా, మందు ముందా

భక్తురాలైన నర్సు జీవితంలో అత్యంత సున్నితమైన ప్రశ్న ఇదే. రోగుల కోసం ప్రార్థించడం, నూనె రాయడం క్రైస్తవ ఆచారంలో ఉన్నవే. ప్రార్థన రోగికి ధైర్యాన్నిస్తుంది, ఒంటరితనాన్ని పోగొడుతుంది. అదే ప్రార్థన మందుకు ప్రత్యామ్నాయమైనప్పుడు ప్రాణాంతకమవుతుంది. మూర్ఛ వస్తే దయ్యం పట్టిందని మందిరం చుట్టూ తిప్పడం, మధుమేహ రోగి విశ్వాసంతో మాత్రలు మానేయడం, పాము కరిచిన మనిషిని ప్రార్థనకో, మంత్రానికో తీసుకువెళ్లి విలువైన సమయం పోగొట్టడం ఒక మతానికే పరిమితమైన పొరపాట్లు కావు. భూతవైద్యుడి దగ్గరైనా, స్వస్థత కూటంలోనైనా నష్టం ఒక్కటే. మూర్ఛ, క్యాన్సర్ వంటి జబ్బులను మహిమలతో నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ విషయంలో నర్సయిన పాస్టరు భార్యకు ఉన్న స్థానం డాక్టరుకు కూడా ఉండదు. ‘దేవుడు బాగుచేస్తాడు, మందు ఎందుకు’ అనే విశ్వాసికి డాక్టరు మాట ఎదుటిపక్షం మాటలా వినిపిస్తుంది. అమ్మగారి మాట సొంత ఇంటి మాట. సువార్త రాసిన లూకా వైద్యుడేనని, మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవానికి ముందు జరిగింది కట్టు కట్టడమేనని ఆమె గుర్తుచేయగలదు. ప్రార్థన మానమనకుండానే మాత్ర మింగించగలదు. క్షయ చికిత్సలో ఇది మరీ ముఖ్యం. సాధారణ క్షయకు ఆరు నెలలు క్రమం తప్పకుండా మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగికి నయమైపోయినట్టు అనిపిస్తుంది. సాక్ష్యం చెప్పి మందులు మానేసేది సరిగ్గా ఆ దశలోనే. అలా మానితే జబ్బు మందులకు లొంగని రూపం దాలుస్తుంది. రోగులకు 2018లో నెలకు రూ.500గా మొదలైన ప్రభుత్వ పోషకాహార సాయం 2024 నవంబరు నుంచి రూ.1,000 అయింది. ఆ సొమ్ము ఖాతాలో పడిందో లేదో చూడటం, మాత్రల లెక్క సరిచూడటం, సాక్ష్యం ఆరు నెలల తరువాత చెప్పుకోవచ్చని నచ్చజెప్పడం.. మూడూ ఆమె చేయగల పనులే.

రెండో హద్దు కూడా అంతే ముఖ్యం. ప్రభుత్వ విధుల్లో ఉన్న నర్సు టీకా పెట్టెతో వెళ్లిన ఇంట్లో మత బోధ చేయరాదు. రోగి ఏ మతస్థుడైనా సేవలో తేడా ఉండరాదన్నది నర్సు వృత్తి ధర్మం. నర్సమ్మ ఇంటికి వస్తే మతం మాట వస్తుందని ఒక్క కుటుంబం అనుమానించినా, ఆ ఇంటి బిడ్డకు టీకా తప్పిపోతుంది. భక్తి ఎంత గాఢమైనా, విధి వేళల్లో అది చేతల్లోనే కనిపించాలి.

ఆదివారంతో వచ్చిన చిక్కు

పల్స్ పోలియో కార్యక్రమం దేశంలో 1995లో ప్రారంభమైంది. చుక్కల మందు వేసే రోజు సాధారణంగా ఆదివారమే. బడులకు సెలవు, తల్లిదండ్రులు ఇంటి వద్ద ఉంటారు. క్రైస్తవ ఆరోగ్య కార్యకర్తలకు మాత్రం అదే ఆరాధన దినం. పాస్టరు భార్యకైతే మందిరంలో తాను లేకపోతే లోటు తెలిసే రోజు. ఉదయం ఏడు గంటలకే కేంద్రం తెరవాలి, సాయంత్రం దాకా కదలరాదు. మరునాటి నుంచి ఇంటింటికీ తిరిగి తప్పిపోయిన పిల్లలను వెదకాలి. 

విశ్రాంతి దినాన రోగులకు మేలు చేయడం తప్పా ఒప్పా అన్న చర్చ సువార్తల్లోనే ఉంది. అందుకే చాలామంది దీనిని ఆజ్ఞ మీరడంగా భావించక సేవగానే స్వీకరించారు. ఆ ఆదివారాలు వృథా పోలేదు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 

కరోనా కాలంలో పరిస్థితి తారుమారైంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మందిరాలన్నీ మూతపడ్డాయి. అయ్యగారి ఆరాధన ఫోనులోకి మారింది, అమ్మగారి డ్యూటీ మాత్రం రెట్టింపయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులు, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించుకున్నది కూడా ఆ 2020నే కావడం విశేషం.

జీతం, కానుక, కులపత్రం

పల్లె పాస్టరుకు నిర్ణీత ఆదాయం ఉండదు. దశమ భాగాలు, కానుకలు, పంట చేతికొచ్చినప్పుడు ఇచ్చే మొదటి ఫలాలే ఆధారం. వాన కురవని ఏడు సంచి ఖాళీ. పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఇలాంటి ఇంట్లో నర్సు జీతమే పిల్లల ఫీజు, బియ్యం, తరచుగా మందిరం కరెంటు బిల్లు కూడా. కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే నర్సుకు ఆ ఆసరా సైతం స్థిరంగా ఉండదు.

చదువు దగ్గరే మరో ముడి ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతం స్వీకరించినవారికి ఎస్సీ హోదా ఉండదు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీ కుటుంబాలు, వారి సంతతి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ వర్గంలోకి వస్తారు. వారికున్న రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినా ఊళ్లో ఇల్లు పేట నుంచి మారదు, వివక్ష మారదు. కాగితం మీద మాత్రం కులం మారుతుంది. పాస్టరు ఇంటి ఆడపిల్ల నర్సింగ్ సీటుకు దరఖాస్తు చేసేటప్పుడు ఈ ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. ఈ అంశం పరిశీలనకు కేంద్రం 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను నియమించింది.

పేరు నమోదు కాని సేవ

సంఘ చరిత్రల పుస్తకాలు తిరగేస్తే గురువుల పేర్లు, వారు పనిచేసిన సంవత్సరాలు వరుసగా కనిపిస్తాయి. వారి భార్యల ప్రస్తావన ‘ఫలానా అయ్యగారి సతీమణి’ అన్న మాటతో ముగుస్తుంది. ఆసుపత్రి చరిత్రల్లో డాక్టర్ల చిత్రపటాలుంటాయి, నర్సులు సామూహిక ఛాయాచిత్రంలో వెనుక వరుసలో నిలబడి ఉంటారు. పాస్టరు భార్య, నర్సు రెండూ అయిన మహిళ ఈ విధంగా రెండు చోట్లా పేరు కోల్పోయింది. ఆమె చేతుల మీద పుట్టినవారు నేడు తాతలై ఉంటారు, ఆమె ఎవరో వారి మనుమలకు తెలియదు.

దీనిని సరిదిద్దడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ప్రతి సంఘం తన పాత రిజిస్టర్లు తీసి, నర్సులుగా, మంత్రసానులుగా పనిచేసిన స్త్రీల పేర్లను, వారు పనిచేసిన ఊళ్లను పెద్దవారు జీవించి ఉండగానే రాయించవచ్చు. మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు ఆ జాబితాను మందిరంలో చదివి వినిపించవచ్చు. ఆరోగ్య శాఖ కూడా గ్రామాల్లో అవగాహన సమావేశాలు పెట్టేటప్పుడు పాస్టర్లు, పూజారులు, ఇమాములతో పాటు వారి ఇళ్లలోని స్త్రీలను ఆహ్వానిస్తే ప్రమాద సూచనల సమాచారం త్వరగా ఇంటింటికీ చేరుతుంది. 

ఇప్పుడు విధుల్లో ఉన్నవారికి కావలసింది మరింత స్పష్టమైనది. కొండ గూడేలకు రోడ్డు, ఉపకేంద్రంలో నిరంతర విద్యుత్తు, రక్తస్రావాన్ని ఆపే మందులు చల్లగా నిల్వ ఉండే ఫ్రిజ్, రాత్రి వేళ తోడుగా వచ్చే వాహనం. వీటిని సమకూర్చవలసింది ప్రభుత్వం. ఆదివారం చాపలు పరిచే పనిలో ఓ చెయ్యి వేసి, ఆమెకు ఒక పూట విశ్రాంతినివ్వగలిగింది సంఘం. ఊరు పెంచుకున్న నమ్మకం ఇప్పటికే ఆమె వద్ద ఉంది. ఆ నమ్మకంతో బయలుదేరదీసిన గర్భిణి దారిలో ఆగిపోకుండా చూడవలసిన బాధ్యత మిగిలినవారిది.